గొడుగాట

విజిల్ ఊదకూడదట, ఊదితే నోట్లో తుంపర్లన్నీ గాల్లోకి ఎగురుతాయట, మెళ్ళో వేలాడేసుకోవడానికి మాత్రం అభ్యంతరం లేదట, ఊదని విజిల్ డ్రిల్లు మాస్టారి మెళ్ళో ఎందుకూ, అలంకారానికా, అయినా నేనిప్పుడు డ్రిల్లు మాస్టార్ని ఎక్కడ, బడి గేటు దగ్గర నిలబడి పిల్లల నుదుటికి జ్వరం తుపాకీ గురిపెట్టేవాణ్ణి, రా నాన్నా, టోపీ తియ్యి, ఊ, వెళ్ళు, నువ్వు రా, మాస్కు ముక్కు మీదికి లాక్కో, జబ్బొచ్చేది గడ్డానికి కాదు, వెళ్ళు, ఈ తుపాకీ ఒక వింత వస్తువు, పొద్దున్నే చలిలో అందరూ శవాల్లా చల్లగా ఉన్నారంటుంది, ఎండెక్కితే గోడక్కూడా జ్వరమంటుంది, దీన్ని నమ్ముకుని బడి నడుపుతున్నాం, ఇంకెన్నాళ్ళు నడుపుతామో మధ్యాహ్నం తేలిపోతుంది, ఇంటర్వెల్ అయిపోగానే టీచర్లందరం హాల్లో చేరి చేతులెత్తాలి, తెరిచి ఉంచుదామా, మళ్ళీ మూసేద్దామా, నేను మూసెయ్యమనే వైపు ఎత్తుతానని పొద్దున మా ఆవిడకి చెప్పి వచ్చాను, చెప్పానా, చెప్పినట్టే, ఆవిడ కుట్టుమిషను తొక్కుతూ ఊ అంది, ఆ ఊకి అర్థమేమిటో దారి పొడుగునా ఆలోచిస్తూనే ఉన్నాను.

పైవాళ్ళు గట్టివాళ్ళు, మొదటిసారి మూయమన్నందుకు తిట్లు తిన్నారు, తర్వాత తెరవమన్నందుకు తిట్లు తిన్నారు, జబ్బు మళ్ళీ ముదిరేసరికి ఈసారి మీ బడి సంగతి మీరే తేల్చుకోండని చేతులు దులుపుకున్నారు, హెడ్మాస్టరుగారు ఆ దుమ్ము తీసుకొచ్చి మా నెత్తిన దులిపారు, అందరూ కలిసి నిర్ణయిద్దాం అన్నారు, అంటే రేపు ఏదైనా జరిగితే అందరూ కలిసి ఏడుద్దాం అని, స్టాఫు రూములో సగం మంది ఇటు, సగం మంది అటు, నేనొక్కణ్ణే గోడ మీద పిల్లిని, మీ ఇంట్లో పరిస్థితి నాకు తెలీందా మాస్టారూ, మీ చెయ్యి మా వైపేనని లెక్కేసేసుకున్నాను అంటాడు లెక్కల మాస్టారు, ఆయనకి మనుషులు కూడా కూడికలూ తీసివేతలే, సైన్సు టీచరు మాత్రం అడగను అంది, పిల్లలు చదవడం మర్చిపోయారు మాస్టారూ, పేరు రాయమంటే పెన్సిల్ కొరుకుతున్నారు, కానీ మీ ఇంటి సంగతి తెలుసు కాబట్టి మిమ్మల్ని అడగను అంది, అడిగితే ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందును, అడగను అనేసరికి అది చెప్పులో రాయిలా తిరుగుతూనే ఉంది.

మా ఇంటి సంగతి అంటే మా ఆవిడ ఒంట్లో ఉన్నది వాళ్ళక్క కిడ్నీ, మా వదిన మనిషి కాదు దేవత అందామంటే ఆవిడకి కోపం, ఊరుకో మరిదీ, రెండున్నాయి ఒకటిచ్చాను, అంటుంది ఇంట్లో మిగిలిన గిన్నె ఇచ్చినట్టు, ఆ ఇచ్చిన కిడ్నీని ఒళ్ళు పరాయిదని తోసెయ్యకుండా రోజూ మాత్రలు వేసుకోవాలి, ఆ మాత్రలు వేసుకున్న ఒళ్ళు తలుపుల్లేని ఇల్లు, ఎవరైనా రావచ్చు, జలుబు కూడా మీ గుమ్మం తొక్కకూడదు అన్నాడు డాక్టరు, నా వైపు చూసి అన్నాడు, మీరు బళ్ళో పనిచేస్తారు కదా అని కూడా అన్నాడు, బళ్ళో పనిచెయ్యడం అదేదో దొంగతనం చెయ్యడమన్నట్టు, ఊ, నువ్వు రా తల్లీ, తుమ్మొచ్చిందా, దుమ్ముకేనా, నిజం చెప్పు, వెళ్ళు, అందుకని ఇంటికెళ్తే పెరటి గుమ్మంలోంచే వెళ్తాను, బట్టలు బకెట్లో పడేసి స్నానం చేసి, ఆవిడ మిషను కిటికీ పక్కన ఉంటే నేను ఇటు గుమ్మంలో కుర్చీ వేసుకుంటాను, అన్నం అక్కడ ఆవిడ, ఇక్కడ నేను, మధ్యలో గది ఖాళీగా కూర్చుంటుంది, చెయ్యి చాచినా అందదు, ఆవిడ చెయ్యి పట్టుకుని ఎన్నాళ్ళయిందో, పెళ్ళయిన కొత్తలో కూడా ఇంత మర్యాదగా లేం అని ఆవిడే నవ్వుతుంది, నవ్వి మళ్ళీ మిషను తొక్కుతుంది, పిల్లల కోసం మాస్కులు, చిన్న సైజువి, పాత దుప్పటి చింపి కుట్టినవి, గేటు దగ్గర మాస్కు లేకుండా వచ్చినవాడి మొహానికి మా ఇంటి దుప్పటి పువ్వులు పూస్తాయి.

అదిగో ఉడత వస్తోంది, మూడో తరగతి, అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు, ఒకచోట నిలబడదు కాబట్టి ఉడత, నుదురు చూపించవే, ఊ, బాగానే ఉన్నావు, మొహం మీద మా పువ్వులే, బడి మూసి ఉన్న నెలల్లో మందుల కొట్టుకి వెళ్ళినప్పుడల్లా ఈ పిల్లని వాళ్ళమ్మ పనిచేసే లాండ్రీ మెట్ల మీద చూసేవాణ్ణి, మిగతావాళ్ళకి ఫోన్లో డ్రిల్లు చెప్పేవాణ్ణి, చేతులు పైకి అంటే నాకు సీలింగు ఫ్యానొకటి కనిపించేది, కిందికి అంటే ఎవరిదో ముక్కు, సగంలో ఎవరి నాన్నగారో లుంగీలో అడ్డం వెళ్ళేవారు, అది డ్రిల్లా, ఉడత ఇంట్లో అదీ లేదు, మెట్ల మీద మూటల మధ్య కూర్చుని దారిన పోయే బస్సుల్ని చూసేది, నన్ను చూడగానే లేచి నిలబడి, సార్ బడి ఎప్పుడు సార్, అనేది, త్వరలోనే అనేవాణ్ణి, మళ్ళీ వారం మళ్ళీ అదే ప్రశ్న, కొన్నాళ్ళకి అడగడం మానేసింది, లేచి నిలబడడం మాత్రం మానలేదు, అప్పట్నించి ఆ వీధిలోంచి వెళ్ళడం నేనే మానేశాను, చుట్టు తిరిగి వెళ్ళేవాణ్ణి, ఇప్పుడు మళ్ళీ మూసేస్తే, మూసేస్తే ఏముంది, మళ్ళీ చుట్టు తిరుగుతాను, కాళ్ళు అరిగిపోతాయా, మా ఆవిడ బతికి ఉంటే చాలు, అంతే, తేలిపోయింది, నా చెయ్యి లెక్కల మాస్టారి వైపే.

తేలిపోయిందా, తేలిపోతే ఇంకా వేళ్ళ మీద అటూ ఇటూ లెక్కపెడుతున్నానేమిటి, మధ్యాహ్నం ఇంటర్వెల్ గంట, పిల్లలు గ్రౌండులోకి వస్తున్నారు, వరసలు చూడు, గీత గీసినట్టు, ఒకడు ఇంకొకడి మీద పడడు, అది నా పనితనం, ఆ గొప్ప నాది, బడి తెరిచిన మొదట్లో దూరంగా ఉండండ్రా అని అరిచి అరిచి తల ప్రాణం తోకకొచ్చింది, ఎన్నాళ్ళకో కలిసిన పిల్లలు, ఒకరి మీద ఒకరు ఎక్కి తొక్కేవాళ్ళు, అప్పుడు కనిపెట్టాను గొడుగాట, మీ అందరి చేతుల్లో తెరిచిన గొడుగుంది, కనబడదు కానీ ఉంది, రెండు చేతులూ చాచి గుండ్రంగా తిరగండి, మీ గొడుగు ఎవరికీ తగలకూడదు, తగిలితే ఇద్దరూ అవుట్, వెళ్ళి గోడ దగ్గర కూర్చోవాలి, చివరిదాకా ఎవరికీ తగలనివాడే గెలిచినట్టు, మేం చిన్నప్పుడు ఆడిందల్లా ఒకర్నొకరం పరిగెత్తి అంటుకునే ఆట, దాన్ని తిరగేసి తొడిగాను అంతే, పిల్లలకి పిచ్చెక్కిపోయింది, వారం తిరిగేసరికి అరవాల్సిన పనే లేకపోయింది, పక్క బడి వాళ్ళు వచ్చి చూసి నేర్చుకెళ్ళారు, హెడ్మాస్టరుగారు భుజం తట్టబోయి గుర్తొచ్చి గాలిని తట్టారు, ఇంటికెళ్ళి చెప్తే మా ఆవిడ మిషను ఆపి, బాగుంది కానీ ఆ గొడుగు ఎప్పుడు ముయ్యాలో చెప్పారా వాళ్ళకి, అంది, జబ్బు పోయాక అన్నాను, ఊ అంది, పొద్దున అన్నది కూడా ఆ ఊయేనేమో.

ఏమిటా నిశ్శబ్దం, గ్రౌండులో ఇంతమంది పిల్లలుండి నిశ్శబ్దమేమిటి, చెయ్యి విజిల్ మీదికి పోయింది, ఊదకూడదు, గోడ మలుపు తిరిగి చూద్దును కదా, ఉడత కింద పడి ఉంది, మెట్టు అంచు తగిలిందో ఏమో నోరంతా రక్తం, మాస్కు ఎక్కడో పడిపోయింది, చుట్టూ పిల్లలు, చక్కటి గుండ్రం, అందరి చేతులూ చాచి ఉన్నాయి, ఒక్కరూ కదలడం లేదు, ఒకరి వేలు ఇంకొకరికి తగలడం లేదు, నేను నేర్పినట్టే, నేను నేర్పినదానికన్నా బాగా, దాని పక్కన కూర్చునే పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తోంది, ఏడుస్తూ కూడా చేతులు దించలేదు, కన్నీళ్ళు తుడుచుకోవడానిక్కూడా దించలేదు, లేపరేమే అని అరిచాను, ముట్టుకుంటే అవుట్ కదా సార్ అంది, అందరూ నా వైపు చూశారు, సరిగ్గానే ఆడుతున్నాం కదా సార్ అన్నట్టు, మెచ్చుకుంటాననే చూశారు, నేను గుండ్రం దాకా వచ్చి ఆగిపోయాను, ఆగాను, అబద్ధమెందుకు, రక్తం, ఉమ్ము, మాస్కు లేని నోరు, కళ్ళ ముందు కిటికీ పక్కన మిషను తొక్కుతున్న ఆవిడ, తలుపుల్లేని ఇల్లు, జలుబు కూడా గుమ్మం తొక్కకూడదు, నేనూ ఆ గుండ్రంలో ఒకణ్ణి, నా చేతులు చాచి లేవు అంతే తేడా, అప్పుడు ఉడత తలెత్తి నన్ను చూసి, రక్తం మింగి, రెండు చేతులూ చాచింది, ఎత్తుకోమని కాదు, గొడుగు, రాకండి సార్, మీరు అవుటయిపోతారు.

ఎప్పుడు ఎత్తుకున్నానో తెలీదు, కుళాయి దగ్గరున్నాను, అది నా మెడ కరుచుకుని ఉంది, ఇప్పుడు ఏడుస్తోంది, ఇందాకంతా ఏడవలేదు, ఎత్తుకున్నాకే ఏడుపొచ్చింది దానికి, దాని ఊపిరి నా చెవి కింద వెచ్చగా తగులుతోంది, భయమేస్తోంది, నిజంగా భయమేస్తోంది, అయినా ఎంత తేలికగా ఉంది ఈ పిల్ల, మనిషి ఒళ్ళు ఇంత వెచ్చగా ఉంటుందన్న సంగతే మర్చిపోయాను, పెదవి చీలింది, పన్ను కదిలింది, పాలపన్నేలే, ఊరుకో తల్లీ, ఊరుకో, సైన్సు టీచరు పరిగెత్తుకొచ్చి అందుకుంది, అందుకుంటూ నా చొక్కా చూసింది, నేను పక్కకెళ్ళి ఇంటికి ఫోను చేశాను, అంతా చెప్పాను, అటువైపు మిషను ఆగింది, ఎత్తుకున్నారా లేదా అంది, ఎత్తుకున్నాను అన్నాను, నాకూ భయమేనండీ, భయం లేదని ఎప్పుడూ అనలేదు, అంది, నేను కొన్నాళ్ళు అక్క దగ్గరికి వెళ్తాను, మీరు వచ్చేలోపే బయల్దేరతాను, మాస్కులు బల్ల మీద పెడతాను పట్టికెళ్ళండి, అంది, మూసేద్దామని చెయ్యెత్తుదామనుకున్నది నీ కోసమే కదా అన్నాను, నా కోసమని బడి మూసి, ఆ లాండ్రీ మెట్లు తప్పించుకుని చుట్టు తిరిగి ఇంటికొచ్చే మనిషితో నేను గుమ్మానికి ఇటు నుంచి ఏం మాట్లాడనూ, అంది, తెలుసన్నమాట, మెట్ల మీద ఉడత అడిగే ప్రశ్న గురించి చెప్పాను కానీ చుట్టు తిరిగే సంగతి ఎప్పుడూ చెప్పలేదు, ఆలస్యంగా వస్తుంటే లెక్కగట్టుకుందేమో, ఉంటాను, అన్నం వేళకి తినండి, అంది కొత్తగా పెళ్ళయినదానిలా, పెట్టేసింది.

హాలు, కుర్చీకీ కుర్చీకీ చేతి దూరం, అందరం గొడుగుల కింద పెద్దమనుషులం, లెక్కల మాస్టారు నా చొక్కా మీద రక్తం చూసి కుర్చీ అటు జరుపుకున్నాడు, తప్పు లేదాయనది, ఇంట్లో ముసలమ్మ ఉంది, ఆయన భయమూ నా భయమూ ఒకటే, నేను ముట్టుకున్నాను కాబట్టి ఆట ప్రకారం అవుట్, అవుటయినవాడు గోడ దగ్గర కూర్చోవాలి, వెళ్ళి కిటికీ కింద గోడకి ఆనుకుని కూర్చున్నాను, హెడ్మాస్టరుగారు ఏదో చదువుతున్నారు, వినబడడం లేదు, కిటికీలోంచి గ్రౌండు కనబడుతోంది, పిల్లలు వరసలో క్లాసులకి వెళ్తున్నారు, ఇంకా చేతులు దించనివాడు ఒకడున్నాడు, మూసేస్తే వీళ్ళందరూ ఆ గొడుగులు అలాగే తెరుచుకుని ఇళ్ళకి వెళ్తారు, అమ్మ కింద పడితే, తమ్ముడు కింద పడితే, చుట్టూ చేతులు చాచి నిలబడతారు, ఫోన్లో చెప్పనా నేను, సీలింగు ఫ్యానుకీ ముక్కుకీ చెప్పనా, గొడుగు ముయ్యడం గ్రౌండులోనే నేర్పాలి, ఒకడు నిజంగా కింద పడాలి, ఇంకొకడు నిజంగా పరిగెత్తాలి, గేటు దగ్గర తుపాకీ ఉండనీ, మాస్కులుండనీ, కుర్చీల మధ్య దూరం ఉండనీ, నేను పెట్టడం మర్చిపోయిన నియమం ఒకటుంది, రేపు పొద్దున్నే చెప్పాలి, వరసలో నిలబెట్టి మొట్టమొదట అదే చెప్పాలి, ఎవరైనా కింద పడితే ఆట ఆగిపోతుంది, అప్పుడు ముట్టుకోనివాడే అవుట్, అది నేర్పేదాకా మా ఇంట్లో మిషను చప్పుడు ఉండదు, ఎన్నాళ్ళో తెలీదు, తెరిచి ఉంచాలనేవాళ్ళు చేతులెత్తండి అంటున్నారు హెడ్మాస్టరుగారు, అందరూ పక్కవాళ్ళ చేతుల వైపు చూస్తున్నారు, రక్తం ఎండి అట్టకట్టిన చొక్కా చెయ్యి బిగుసుకుంటోంది, గోడ దగ్గర కూర్చునే ఎత్తాను.