సగం నేర్చిన మాట

మా తమ్ముడికి ఇంగ్లీషులో వచ్చిన మంచిమాట ఒక్కటే, డిజర్వ్. నేర్పింది మా ఆయన. "ఎవరికైనా ప్రమోషన్ వస్తే 'షీ డిజర్వ్స్ ఇట్' అను బామ్మర్దీ, ఆమె దానికి తగినదే అని, పొంగిపోతారు" అన్నాడు. మహా పండితుడు! సగం చెప్పి ఊరుకున్నాడు.

నేనూ తమ్ముడూ పనిచేసే లాండ్రీలో సూపర్‌వైజరమ్మకు ప్రమోషన్ వస్తుందని అందరం అనుకుంటున్నాం. ఈలోగా ఇవాళ పొద్దున ఇస్త్రీ యంత్రం ఆవిరి కొట్టి ఆమె చెయ్యి కాలింది. ఆమెకు ముందు ఆ యంత్రం దగ్గర ఉన్నది మావాడే. మేనేజరు పరుగున వచ్చి ఆమె సంగతి ఇంగ్లీషులో చెబుతుంటే వీడికి అర్థమైతేగా? ప్రమోషనే అనుకుని, పళ్ళికిలించి ఆ మాట అనేశాడు. ఇంకేముంది, కావాలనే ఆవిరి వదిలాడని తేల్చేశారు.

మేనేజరు గదిలో వాడి దగ్గర లాక్కున్న గుర్తింపు కార్డు బల్ల మీద ఉంది. సూపర్‌వైజరమ్మ చేతికి కట్టుతో కూర్చుంది. తెలుగూ ఇంగ్లీషూ రెండూ వచ్చని నన్ను పిలిపించారు.

"అంత తప్పేమన్నానక్కా?"

"దెబ్బ తగిలినవాళ్ళని ఆ మాటంటే, తగిన శాస్తి జరిగిందని అర్థంరా మొద్దూ."

వాడి ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

జరిగిన పొరపాటంతా మేనేజరుకు విడమరిచి చెప్పాను. ఈ ఉద్యోగం పోతే వాడికి ఇంకోటి దొరకదు. ఆయన సూపర్‌వైజరమ్మ వైపు చూశాడు. ఆమె సరేనన్నట్టు తలూపింది. హమ్మయ్య అనుకున్నాను. మేనేజరు కార్డు చేతిలోకి తీసుకుని, మావాణ్ణే నెమ్మదిగా అడిగాడు.

"ఇంకో చాన్స్. డూ యూ డిజర్వ్ ఇట్?"

వాడు చేతులు జోడించాడు. "నో సర్. నో డిజర్వ్."

కార్డు మళ్ళీ బల్ల మీదికి వెళ్ళింది. "అయితే తప్పు ఒప్పుకున్నట్టేనా?" అని మేనేజరు నన్నడిగాడు. నేను గబుక్కున మావాడి వైపు తిరిగాను.

"ఏం కూశావురా?"

"శాస్తి నాకెందుకక్కా? నేనేం చేశానని?"

ఆ మాటే ఇంగ్లీషులో చెప్పాను. సూపర్‌వైజరమ్మ బాగున్న చేత్తో కార్డును మావాడి ముందుకు తోసింది.

వాడు దాన్ని ముట్టుకోలేదు. నా వైపు తిరిగాడు.

"థాంక్యూ అనొచ్చా అక్కా, దానికీ ఇంకో అర్థముందా?"