ఆటకు వీపు పెట్టినవాడు

డెల్మస్ ప్రూయిట్ అప్పటికే కాలేజీ స్టేడియంలో సగం బెంచీలు తుడిచేశాడు. రాత్రంతా కురిసిన మంచు అల్యూమినియం పలకల మీద సన్నగా పరుచుకుని, ఎండ తగలగానే చెమట పట్టినట్టు బొట్లు బొట్లుగా మారింది. తుడవడం నిజానికి అతని పని కాదు. టికెట్టు చూసి సీటు చూపించడం, మెట్ల దారిలో జనం నిలబడిపోకుండా చూడడం, ఎవరైనా తాగి మీదపడితే పక్కకు తీసుకుపోవడం, ఇవే అతని పనులు. కానీ తడి బెంచీ మీద కూర్చున్న మనిషి మధ్యాహ్నమంతా విసుక్కుంటూనే ఉంటాడని అతనికి తెలుసు.

పదకొండో వరుసకు రాగానే చేతిలో ఉన్న కాలేజీవాళ్ళ గుడ్డ పక్కన పెట్టి, జేబులోంచి పాత తువ్వాలు తీశాడు. దాని మీద ఎర్ర కోడిపుంజుల బొమ్మలు ఉండేవి. ఉతికి ఉతికి ఇప్పుడు తోకలు మాత్రమే మిగిలాయి. మెట్ల పక్కనే ఉన్న మొదటి చోటును దానితో రెండుసార్లు తుడిచి, చేత్తో తడిమి చూసి, తువ్వాలును నాలుగు మడతలు పెట్టి అక్కడే పరిచాడు.

కింది నుంచి గేటు చూసుకునే గ్లాడిస్ అరిచింది. "ఏం డెల్మస్, పెళ్ళాం వంటింటినైనా ఇంత శ్రద్ధగా తుడిచావా ఎప్పుడైనా?"

"నెట్టీ తుడవనిస్తేగా. నీకు చేతకాదు, అవతలికి పొమ్మనేది."

"మంచి మాటే అనేది. మోకాలెలా ఉంది?"

"ఉంది," అన్నాడు డెల్మస్.

ఈ సాయంత్రం ఆట అయ్యాక పని మానేసి, ఒంటి మీది పసుపు కోటు విప్పి గ్లాడిస్ చేతిలో పెట్టేయాలని వారం కిందటే అనుకున్నాడు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి ఇంట్లోనూ ఎవరూ లేరు. వయసంతా దాణా మిల్లులో బస్తాలు ఎత్తాడు. శనివారాలు మాత్రం ఈ కోటు వేసుకుని ఈ మెట్ల మొదట్లో నిలబడ్డాడు. నెట్టీ ఈ మెట్ల కిందే పెద్ద గిన్నెలో ఉప్పునీళ్ళలో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్మేది. గిన్నె మీద కప్పే తువ్వాలే ఇది. పిల్లలు పుట్టలేదు. ఆమె పోయి చాలా కాలమైంది. ఇక మిగిలింది స్టేడియంలో అతను చూసుకునే ఈ ఇరవై రెండో సెక్షను. ఇక్కడివాళ్ళ ఇళ్ళు ఎక్కడో అతనికి తెలియదు, కానీ ఎవరు ఓడితే ఏడుస్తారో, ఎవరు గెలిచినా ఏడుస్తారో తెలుసు.

ఈ రోజు అతనికి ఒక్కటే కోరిక. పదకొండో వరుసలో తువ్వాలు పరిచిన చోట కూర్చునే ముసలావిడ ఈ ఆటను చివరిదాకా చూడాలి. నది అవతలి కాలేజీతో అమెరికన్ ఫుట్‌బాల్ ఆట అది. ఏడాదంతా ఓడినా ఫరవాలేదు గాని, వాళ్ళ చేతిలో ఓడితే ఊళ్ళో క్రిస్మస్ కూడా చప్పగానే జరుగుతుంది.

మధ్యాహ్నానికి బయట డేరాల్లో మాంసం కాల్చే పొగ లోపలికి వచ్చింది. బాండువాళ్ళ డప్పులు గోడలకు తగిలి తిరిగి వస్తున్నాయి. జట్టు మెరూన్ రంగు చొక్కాలు మెట్లెక్కి వచ్చాయి. "డెల్మస్, ఇంకా బతికే ఉన్నావా?" అని ఒకడు, "మా అమ్మాయి చూడు, పోయినేడు చంకలో ఉంది" అని ఒకామె. అందరికీ అతను టోపీ అంచు తాకి తల ఊపాడు.

మిస్ ఆర్ఫా బడిపంతులమ్మ జాయ్‌లిన్ చెయ్యి పట్టుకుని వచ్చింది. ఆమెకు తొంభై దాటాయి. పెళ్ళయినా ఊరంతా గౌరవంగా ఆమెను మిస్ అనే పిలుస్తుంది. బెంచీలు చెక్కవిగా ఉన్న రోజుల్లో మొగుడితో వచ్చేది. అతను పోయాక కూడా రావడం మానలేదు. తుంటి విరిగినప్పటి నుంచి ఎక్కువసేపు నిలబడలేదు. నిలబడలేనివాళ్ళకు ఈ స్టేడియంలో ఆట సగమే కనబడుతుంది. అవతలి జట్టు బంతిని ముందుకు తెచ్చే మూడో ప్రయత్నానికి వచ్చిందంటే చాలు, జనమంతా లేచి గొంతులు చించుకుంటారు. ఆ హోరులో వాళ్ళ నాయకుడు చెప్పేది వాళ్ళవాళ్ళకే వినబడకూడదు. మన జట్టు చేతికి బంతి వస్తే మాత్రం చర్చిలో ప్రార్థన వేళలా ఉంటుంది.

అందుకే ముందు వరుసలో కిటికీ పెట్టారు. పదో వరుసలో జాయ్‌లిన్, ఆమె పక్కన మంగలి షాపు బర్ల్ హాస్క్ కూర్చుంటారు. లేచినప్పుడు ఆమె కుడికి, అతను ఎడమకు తలుపు రెక్కల్లా వంగుతారు. ఆ సందులోంచి మిస్ ఆర్ఫా చూస్తుంది. ఎప్పుడో ఒకసారి డెల్మస్ రెండు చేతులూ దూరం జరిపి సైగ చేశాడు. ఆ తర్వాత మళ్ళీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఈ రోజు బర్ల్ చోటులో మరో మనిషి ఉన్నాడు. ఇరవై రెండేళ్ళుంటాయేమో, మొహం నిండా మెరూన్ రంగు పూసుకున్నాడు. వెడల్పాటి వీపు, ఇంత పొడుగు.

"బర్ల్ ఏడీ?" అన్నాడు డెల్మస్.

"మా మావయ్యకు ఆపరేషన్ అయిందండీ. టీవీ ముందు పడుకుని నర్సును తిడుతున్నాడు. నన్ను పొమ్మన్నాడు. నా పేరు కోల్బీ."

"బాబూ, లేచి నిలబడేటప్పుడు కాస్త ఎడమకు వంగు. వెనక పెద్దావిడ ఉంది."

"అలాగేనండీ!" అన్నాడు కోల్బీ. మొదటిసారి వంగాడు కూడా. కానీ ఆటలో పడ్డవాడికి చెప్పిన మాట ఎంతసేపు నిలుస్తుంది? రెండోసారి మరిచిపోయాడు. మూడోసారి బెంచీ ఎక్కేశాడు.

వెనక నుంచి కేకలు మొదలయ్యాయి. "ఒరేయ్ లైటు స్తంభమా! కిటికీ మూసేశావురా!"

కిటికీ ఏమిటో, ఎక్కడుందో కోల్బీకి ఏం తెలుసు? కూర్చోమంటున్నారనుకున్నాడు. వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తి అరిచాడు. "మూడో ప్రయత్నంలో కూర్చునేవాడు మన ఊరివాడే కాదు!"

ఆ మాటకు పక్క సెక్షనువాళ్ళు చప్పట్లు కొట్టారు. ఇక్కడి ధర్మం ప్రకారం వాడన్నది నిజమే మరి. జాయ్‌లిన్ ఒక్కతే కుడికి వంగి నడుం పట్టుకుంది. ఒక తలుపు తెరిస్తే లాభమేముంది?

డెల్మస్ ఇదంతా చూస్తున్నాడు. అతను ఎప్పుడూ జనం వైపే తిరిగి ఉంటాడు. అదే ఉద్యోగం. ఇన్నేళ్ళలో ఒక్క ఆటనూ అతను తిన్నగా చూడలేదు. భుజాలు బిగిస్తే బంతి దగ్గరకొచ్చిందని, నోళ్ళు తెరిస్తే చేతులు మారిందని, ఆడవాళ్ళు కళ్ళు మూసుకుంటే మనవాళ్ళెవరికో దెబ్బ తగిలిందని అర్థం. నలభై వరుసల మొహాలు అతనికి పరిచిన మైదానం.

ఆఖరి క్షణాలకు వచ్చేసరికి మనవాళ్ళు రెండు పాయింట్లు ముందున్నారు. కానీ బంతి అవతలివాళ్ళ దగ్గరుంది. ఒక్క తన్ను తన్ని స్తంభాల మధ్యకు పంపితే మూడు పాయింట్లు, వాళ్ళదే గెలుపు. స్టేడియం మొత్తం లేచింది. బెంచీలు అదిరాయి. మిస్ ఆర్ఫా ముందు కోల్బీ వీపు గోడలా నిలబడిపోయింది.

డెల్మస్ కమ్మీ పట్టుకుని మెట్లెక్కాడు. వెళ్ళి వాడి భుజం మీద చెయ్యి వేస్తే చాలు. నాలుగో మెట్టు మీద మోకాలు ఎదురు తిరిగింది. కాలు ఎత్తబోతే రాలేదు. కమ్మీకి అలాగే వేలాడుతూ పైకి చూశాడు.

పదకొండో వరుస చివర, మెట్ల పక్కన మిస్ ఆర్ఫా అరచెయ్యి చూపించింది. అక్కడే ఉండమని. తర్వాత రెండు వేళ్ళతో తన కళ్ళను తాకి, ఆ వేళ్ళను అతని మొహం వైపు తిప్పింది. ఆ హోరులో మాట వినబడే దారి లేదు. వాళ్ళిద్దరి మధ్యా మెట్లు తప్ప అడ్డం ఏమీ లేదు.

అతను కదలకుండా నిలబడ్డాడు. ఒక్క క్షణం హోరు తెగి, వెనక ఎక్కడో బంతిని తన్నిన చప్పుడు వినిపించింది. అంత జనమూ ఒక్కసారిగా ఊపిరి బిగబట్టింది. అన్ని కళ్ళూ ఒకేసారి పైకి లేచాయి. అన్నీ కలిసి ఎడమకు జరిగాయి. ఇంకొంచెం ఎడమకు. ఇంకా ఎడమకు. వాటితో పాటే డెల్మస్ చూపూ అటే జరిగింది. డెల్మస్ మొహంలో ఏమొచ్చిందో అతనికే తెలియదు. మిస్ ఆర్ఫా చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. ఆ తర్వాతే స్టేడియం పగిలింది.

ఎవరు ఎవరిని కౌగిలించుకుంటున్నారో తెలియలేదు. ఎవరో కోక్ ఒలకబోశారు. కోల్బీ గంతులేస్తూ వెనక్కి తిరిగి, అప్పుడు చూశాడు తన వెనక కూర్చున్న ఆ చిన్న మనిషిని. రంగు పూసిన మొహం వాడిపోయింది.

"అయ్యో, మీకేమీ కనబడలేదు కదూ. ఎవరూ మళ్ళీ చెప్పలేదేంటండీ నాకు?"

"స్టేడియమంతా చెప్పింది నాయనా," అంది మిస్ ఆర్ఫా. "పోనీలే. నేను చూశాను. ఎడమ స్తంభం బయటి నుంచి పోయింది. అవునా కాదా?"

"అవునండీ! మీకెలా తెలిసింది?"

ఆమె, మెల్లగా ఒక్కో మెట్టూ ఎక్కి వస్తున్న డెల్మస్ వైపు చూసింది. జనం పల్చబడ్డాక అతను ఆమె పక్క మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"నీ మొహంలోనే చూస్తున్నాను ఇన్నేళ్ళుగా," అందామె గొంతు తగ్గించి. "కిటికీలోంచి కనబడేది బర్ల్ టోపీ ఒక్కటే. పాపం అంత వంగి నిలబడుతున్నారు, చెప్పి చిన్నబుచ్చడం దేనికని ఊరుకున్నా."

డెల్మస్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "నేనేమో మీ మొహం చూసి ఆట తెలుసుకునేవాణ్ణి, మిస్ ఆర్ఫా."

"మరైతే మనిద్దరిలో ఆట చూసిందెవరు?"

ఇద్దరూ నవ్వారు. ఆమెకు దగ్గొచ్చేదాకా నవ్వారు. కింద మైదానంలో పిల్లలు గడ్డి పీకి జేబుల్లో పెట్టుకుంటున్నారు. డెల్మస్ మొదటిసారి అటు తిరిగి కూర్చుని చూశాడు. గీతలు అంత తెల్లగా ఉంటాయని అతను అనుకోలేదు.

ఆమె లేచాక బెంచీ మీది తువ్వాలు మడిచి ఆమె చేతిలో పెట్టాడు. "ఇది మీ దగ్గరుంచండి."

"ఎందుకు? నువ్వే తెస్తావుగా వచ్చే ఏడు."

"మోకాలు ఒప్పుకోవడం లేదండీ."

ఆమె తువ్వాలు వైపు చూసింది, అతని వైపు చూసింది. "నెట్టీ కాయలకు కాస్త ఉప్పెక్కువయ్యేది," అంది.

"అవునండీ. ఎక్కువే అయ్యేది," అన్నాడు డెల్మస్.

పసుపు కోటు మడిచి గ్లాడిస్‌కిచ్చాడు. ఆమె దాన్ని రెండు చేతులతో అందుకుంది. డెల్మస్ చొక్కాతోనే చలిలో బస్సు స్టాపుకు నడిచాడు.

ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయాడు. చర్చిలో ముందు బెంచీలు బంధువులకని వదిలేశారు. అవి ఖాళీగానే ఉండిపోతాయేమోనని పాస్టరు దిగులుపడ్డాడు. కాసేపటికి మెరూన్ కోట్లు ఒక్కొక్కటిగా లోపలికి వచ్చి, ఎవరూ చెప్పకుండానే స్టేడియంలోని వరుసల ప్రకారం కూర్చున్నాయి. ముందు బెంచీ చివర, నడవ పక్కన ఒక చోటు వదిలారు. మిస్ ఆర్ఫా చివర వచ్చి అక్కడ కూర్చుంది.

సెప్టెంబరులో, వాన వెలిసిన శనివారం, మొదటి ఆటకు మెట్ల మొదట్లో కొత్త అమ్మాయి నిలబడింది. పసుపు కోటు ఆమెకు మోకాళ్ళ దాకా వచ్చింది. ఆట మొదలైతే పాపం మైదానం వైపే తిరిగిపోతుంది. బర్ల్ లేచి వంగాడు, జాయ్‌లిన్ వంగింది. కోల్బీ ఆ ఏడు బర్ల్ పక్కనే చోటు తీసుకున్నాడు. మిస్ ఆర్ఫా కంటే ముందే వచ్చాడు. ఆమె రాగానే సంచీలోంచి తువ్వాలు తీస్తుంటే అందుకుని, మొదటి చోటును రెండుసార్లు తుడిచాడు. చేత్తో తడిమి చూసి, ఆమె కింద తన కోటు మడిచి వేశాడు.

తడిసిన తువ్వాలును పిండి మెట్ల కమ్మీ మీద ఆరేశాడు. సాయంత్రం దాకా అది అక్కడే ఉంది. జనం అరిచినప్పుడల్లా, తోకలు మాత్రమే మిగిలిన ఆ కోడిపుంజులు సన్నగా అదిరాయి.