పదకొండు తడి గడ్డాలు

నాటకాలకు విగ్గులూ గడ్డాలూ తయారుచేసే ఆమె పొద్దున్నే పనిగది తలుపు తీసేసరికి పదకొండు గడ్డాలూ పిండితే నీళ్లు కారేలా ఉన్నాయి. రాత్రి వాన బయట కురిసినంతసేపూ లోపలా కురిసింది. నెల రోజులు ఒళ్లు వంచి, ఒక్కో వెంట్రుకా ముడివేసి చుట్టిన ఉంగరాలన్నీ సాగిపోయాయి. మహామంత్రి గడ్డమైతే తడిసిన పిల్లిలా ఉంది. సాయంత్రం నాలుగింటికి నాటకం మేనేజరు వస్తాడు. కొత్త బృందం, మొదటి పని. అశ్రద్ధ మనిషన్న పేరు ఒక్కసారి పడిందా, ఇక ఆ ఊళ్లో ఏ రాజూ ఆమె చేసిన గడ్డం పెట్టుకోడు.

ఇంటి ఓనరు పై వాటాలోనే ఉంటాడు. కిందికి దిగి, గడ్డాలను చూసి, ముందు తన గడ్డం నిమురుకున్నాడు. వాన తన చేతిలో లేదన్నాడు. సామాను అద్దెకున్నవాళ్లది గనుక బాధ్యతా వాళ్లదేనన్నాడు. అసలు పైకప్పు కారుతోందని తనకెవరు చెప్పారని ఎదురడిగాడు. ఆమె మూలనున్న బకెట్టు చూపించింది. పోయిన నెల చెప్పినప్పుడు ఆయనే మోసుకొచ్చి పెట్టిన బకెట్టది. ఎవరూ ఎత్తుకుపోకుండా దాని మీద ఆయన పేరు ఎర్రరంగుతో జానెడు అక్షరాల్లో ఉంది. ఓనరు పేరు కనపడకుండా బకెట్టును గోడవైపు తిప్పాడు.

"కొత్తవి కొనిస్తాలే అమ్మాయ్," అన్నాడు చివరికి.

"ఇవి కొంటే దొరికేవి కావు బాబాయిగారూ. మేనేజరు వచ్చినప్పుడు తప్పు మీదని ఒక్క మాట చెప్పండి, చాలు."

ఆ ఒక్క మాట తప్ప ఇంకేదైనా ఇస్తానన్నట్టు పరుగులు పెట్టాడాయన. టేబుల్ ఫ్యాను తెచ్చాడు. భార్య జుట్టు ఆరబెట్టుకునే మిషను తెచ్చాడు. తాపీమేస్త్రీకి కబురు పెట్టాడు. భోజనం కూడా మానేసి గడ్డాలను ఒక్కొక్కటే ఆరబెడుతుంటే, ఆమె వేడి కడ్డీతో మళ్లీ ఉంగరాలు చుట్టింది. నాలుగయ్యేసరికి ఐదే తయారయ్యాయి.

మేనేజరు రానే వచ్చాడు. మహామంత్రి గడ్డాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, ఇదేం అశ్రద్ధ అని ఆమెను నిలదీశాడు.

ఓనరు గొంతు సవరించుకున్నాడు. వానలతో మొదలుపెట్టి, ఈ కాలపు సిమెంటును తిట్టి, పక్కింటి చెట్టు రాల్చే ఆకుల దాకా వెళ్లాడు. ఆమె తల వంచుకుని కడ్డీ తిప్పుతూనే ఉంది. కడ్డీ వేలికి చురుక్కుమని తగిలినా ఆపలేదు. అది చూసి ఆయన చెట్టు సంగతి వదిలేశాడు.

"తప్పు నాదండీ," అన్నాడు. "కారుతోందని ఈ అమ్మాయి చెప్పింది. బాగుచేయించకుండా బకెట్టు పెట్టి ఊరుకున్నాను."

మేనేజరు మెత్తబడ్డాడు. నాటకం రేపు సాయంత్రం కనుక మధ్యాహ్నానికి ఇచ్చినా సరిపోతుందన్నాడు. వచ్చే నాటకానికీ కొలతలు పంపిస్తానని చెప్పి వెళ్లాడు.

అయితే తప్పు నాదన్న మాట ఒకసారి నోరు దాటాక ఓనరుకు ఇక పట్టపగ్గాల్లేవు. కిటికీ రెక్క ఊడిపోయిందీ తన వల్లేనట. గోడకు చెమ్మ పట్టిందీ తన వల్లేనట. రెండేళ్ల కిందట ఆమె చెక్కపెట్టెకు చెదలు పడితే, పెట్టె చెక్కే మంచిది కాదని దబాయించడం కూడా తప్పేనట. ఆ పెట్టె సంగతి ఆమే మరిచిపోయింది. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇంకా ఏమైనా మిగిలాయేమో నిదానంగా గుర్తు తెచ్చుకోమని చెప్పి, ఆరో గడ్డం ఆయన చేతిలో పెట్టింది.