పసుపు వ్యాను పగ

నేను ఒక వ్యానును. పగబట్టిన వ్యానును. పాము పగబడుతుందంటే నమ్ముతారు, వ్యాను పగబట్టిందంటే నవ్వుతారు. నవ్వండి, నాకేం పోయింది. నన్ను చూసి ఊరందరి ముందూ నవ్విన పున్నారావు ఇప్పుడు నవ్వడం మానేశాడు.

పుట్టినప్పుడు నాకిలాంటి బుద్ధులేమీ లేవు. ఒంటినిండా పసుపురంగు పూసుకుని, ఫ్యాక్టరీ గేటు దాటి నేరుగా ఒక బడికి పిల్లల్ని మోయడానికి వెళ్ళాను. బడంటే ఏడ్చే పిల్లలే, కిటికీ పక్క సీటు కోసం మాత్రం జుట్లు పట్టుకునేవాళ్ళు. నాకు వయసు మీద పడ్డాక, ఇది పిల్లలకి ప్రమాదమని బడివాళ్ళు నన్ను కోళ్ళ వ్యాపారికి అమ్మేశారు. కోళ్ళకి ప్రమాదమని ఎవరూ అనుకోలేదు, ఎటూ కోయడానికే కదా. ఆ కంపు వదలక ముందే నన్ను చెంగయ్య కొన్నాడు.

చెంగయ్య, వెంగమ్మ నెల్లూరు వైపు నుంచి వచ్చే బాతుల వాళ్ళు. వానాకాలంలో మాత్రం సొంతూళ్ళో ఉంటారు. వరి కోతలు మొదలవగానే బాతుల్ని లారీకెక్కించి, కాపురాన్ని నాలో సర్దుకుని బయల్దేరతారు. కోసిన పొలాల్లో బాతుల్ని దింపితే అవి రాలిన గింజలూ నత్తలూ ఏరుకు తింటాయి. చీకటి పడితే తడికల దొడ్లో పడుకుంటాయి, తెల్లారేసరికి గడ్డిలో గుడ్లుంటాయి. రైతుకి పొలం శుభ్రం, వీళ్ళకి బతుకు.

వెంగమ్మ నా సీట్లన్నీ పీకించి చెక్కబల్లలు వేయించింది. నా కిటికీల కమ్ములకి చిల్లిగరిటెలు వేలాడదీసింది. వెనక వైపు కప్పుకి ఒక చిల్లుంది. ఏటా వానలకి ముందు నిచ్చెనేసుకుని ఎక్కి, తారు కాచి పోసి పూడ్చేది. ఆ చిల్లు సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

విదేశాల్లో నా జాతి బళ్ళలో ఫ్రిజ్జులూ మెత్తటి పరుపులూ ఉంటాయట. వాటిలో కాపురం పెట్టి సర్కారు నేలల్లో నెలలకొద్దీ ఉండేవాళ్ళని యాత్రికులంటారట. మా వాళ్ళని మాత్రం ఎక్కడికెళ్ళినా ఒకటే మాట అడుగుతారు, ఎప్పుడు పోతారని.

గట్టుపాలెంలో మా విడిది కాలవగట్టు. అది సర్కారు పోరంబోకు. బాతుల వాళ్ళలో ఒక కట్టుబాటుంది. విడిది వదిలి వెళ్ళేటప్పుడు పొయ్యిరాళ్ళు మూడింటినీ మసి వైపు కిందికి తిప్పి వెళతారు. ఈ చోటు మాది, వచ్చే ఏడు మళ్ళీ వస్తామని అర్థం. ఆ రాళ్ళు చూసిన ఇంకో బాతుల కుటుంబం ఎంత అలిసిపోయినా అక్కడ దిగదు. కాగితం లేదు, సాక్షి లేడు, అయినా ఎవరైనా తప్పారన్న మాట నేను వినలేదు.

ఆ గట్టు పక్కనే నాంచారమ్మకి అరెకరం పొలం ఉంది. మాకు తాగే నీళ్ళు ఆమె పంపు దగ్గరే. అరెకరం అవతల ఉన్నదంతా పున్నారావుది. విత్తనాల కంపెనీకి విత్తనపు వరి పండిస్తాడు. ఒక ఏడు తొలి పంట సార్వా కోతలవుతుండగా ఆయనకి గట్టు మీద కన్ను పడింది. చదును చేసి ధాన్యం ఆరబోసుకుంటే బాగుంటుందనుకున్నాడు. కూలీలతో సహా వచ్చి, ఈ గట్టు మాది, ఖాళీ చెయ్యండన్నాడు.

“గట్టు గవర్నమెంటోళ్ళది కదయ్యా. నీదెట్టా అయింది?” అంది వెంగమ్మ.

అడిగినదాంట్లో తప్పేమీ లేదు. కూలీల ముందు అడగడమే తప్పయింది.

మర్నాడు పొద్దున్నే, గుడ్లు ఇంకా ఏరకముందే, ట్రాక్టరు వచ్చి దొడ్డి మీంచి నడిచింది. గుడ్లు చితికాయి. బాతులు బెదిరి నిండుగా పారుతున్న కాలవలో పడ్డాయి. చాలావాటిని నీళ్ళు లాక్కుపోయాయి. ఒడ్డుకి చేరినవాటిని ఊరి జనం సంచుల్లో వేసుకుపోయారు. ఆ పూట గట్టుపాలెంలో ఇంటింటా బాతు కూర ఉడికింది. నాంచారమ్మ ఇంట్లో మాత్రం పొయ్యి వెలగలేదు.

నన్ను గొలుసేసి లాక్కుపోతుంటే పున్నారావు నడుం మీద చేతులేసుకుని నవ్వాడు. “స్కూలు బండిలో కాపురమంట! మా గొడ్లసావిడి నయం కదరా దీనికంటే!” కూలీలు కూడా నవ్వారు. తన గట్టు పాడుచేసినందుకు జరిమానాగా నన్ను ఉంచుకుంటున్నానన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్కసారి గొలుసు తెగి వెనక్కి దొర్లితే ఆయన కాళ్ళ మీదికే పోయేదాన్ని. తెగలేదు.

వెంగమ్మ ఏడవలేదు. పొయ్యిరాళ్ళలో రెండింటిని కాలవలోకి విసిరేసింది. మూడోదాన్ని మసి ముఖం ఊరి వైపు తిప్పి గట్టు మీద నిలబెట్టింది. అంటే ఆ ఊళ్ళో ఇక ఏ బాతుల కుటుంబమూ దిగకూడదు. చెంగయ్య మెత్తటి మనిషి, భయపడ్డాడు.

“వొద్దే. ఊరోళ్ళేం జేశారు పాపం?”

“ఊరోళ్ళు కూర తిన్లా?” అంది వెంగమ్మ.

మిగిలిన కాసిని బాతుల్ని తోలుకుని కాలి నడకన వెళ్ళిపోయారు.

నన్ను పున్నారావు కళ్ళంలో నిలబెట్టి గోదాము చేశాడు. వచ్చే పంటకి కొత్త రకం విత్తనం కంపెనీ నుంచి తెచ్చి, బస్తాలన్నీ నాలో, సరిగ్గా వెనక వైపు పేర్పించాడు. నేను వాన కోసం ఎదురుచూశాను. లాగిన కుదుపులకి నా కప్పు మీద పాత తారు పగిలింది, మళ్ళీ పోసేవాళ్ళెవరు? అకాలపు వాన ఒకటి కురిసింది, చిల్లు తన పని తాను చేసింది. బస్తా విప్పేసరికి విత్తనం తెల్లగా మొలకలెత్తి ఉంది. పాలేర్ల మీద ఆయన కేకలు వేస్తుంటే నాకు కమ్మటి భోజనం చేసినట్టయింది. మళ్ళీ విత్తనం తెప్పించుకున్నాడనుకోండి. నా చేతనైంది నేను చేశాను.

అసలు దెబ్బ వెంగమ్మది. రెండో పంట దాళ్వాకి నాట్లు పడ్డాయి. బాతులు తినాల్సిన పాత గింజలు పొలంలోనే మిగిలి, కొత్త పైరు మధ్య మొలిచి దానికంటే ఎత్తుగా, ఏపుగా పెరిగాయి. అలా కలిసిపోయిన మొక్కల్ని కేళీలంటారు. తినే వరికైతే ఫరవాలేదు. విత్తనపు వరిలో కేళీలుంటే పాలకుండలో విషపు చుక్క పడ్డట్టే. ఆడకూలీలు ఎంత పీకినా తరగలేదు. కంపెనీ మనిషి పొలం గట్టు మీదే నిలబడి, ఇది విత్తనానికి పనికిరాదండీ, బియ్యం ఆడించుకోండి అని వెళ్ళిపోయాడు. తరవాతి పంటకీ అదే తంతు. బాతుల లారీలు ఆ ఊరి కాలవ దాకా వచ్చి, రాయిని చూసి, ఆగకుండా పోయేవి.

రాయి సంగతి ఎవరో చెబితే పున్నారావు, “ఓస్, ఇంతేనా!” అన్నాడు. ఆ ఒంటిరాయి పీకించి, మూడు కొత్త రాళ్ళు తెప్పించాడు. వాటికి మసి ఉండాలి కదా, ట్రాక్టరు పాత ఆయిలు పూయించి, ఈ చోటు ఖాళీ అన్నట్టు నల్లముఖాలు పైకి పెట్టించాడు. ఒక బాతుల లారీ ఆగింది. అందులోంచి దిగిన ముసలాయన రాయి తీసి వాసన చూసి, దగ్గు వచ్చేదాకా నవ్వి, లారీ ఎక్కి వెళ్ళిపోయాడట. ఈ కథ ఆయిలు పూసిన పాలేరే కళ్ళంలో చెప్పి నవ్వుకున్నాడు. నా కిటికీలు గలగలలాడాయి.

కానీ తినే బాతులు లేక పెరిగిపోయిన నత్తలు పున్నారావు పొలంలోనే తిని ఊరుకోవుగా. లేత నాటు తినేసరికి నాంచారమ్మ అరెకరం రెండుసార్లు నాటాల్సొచ్చింది. ఆమె బస్సెక్కి వెంగమ్మ విడిదిని వెతుక్కుంటూ వెళ్ళింది.

“ఆ రోజు మా ఇంట్లో కూర వండలేదే వెంగమ్మా. నా అరెకరం ఏం పాపం చేసింది?”

వెంగమ్మకి ఆ మాట ముల్లులా దిగిందట. ఊళ్ళో బాతులు దింపుతానంది. రెండు షరతులు పెట్టింది. తన బండి తనకివ్వాలి. గట్టు అందరిదని పున్నారావు తన నోటితోనే చెప్పాలి.

పున్నారావు ఒప్పుకున్నాడు. ఒప్పుకోక ఏం చేస్తాడు, కంపెనీవాళ్ళు అప్పటికే వేరే రైతుని చూసుకుంటున్నారు. నన్ను లాక్కెళ్ళిన ట్రాక్టరే నన్ను మళ్ళీ గట్టు మీదికి లాక్కొచ్చింది. ఊరంతా చేరారు. పున్నారావు కాలవ వైపు చూస్తూ గొణిగాడు.

“ఇనపళ్ళా అయ్యా,” అంది వెంగమ్మ.

“గట్టు అందరిది!” అని అరిచాడాయన. నేను బతికినన్నాళ్ళలో విన్న అన్ని హారన్లకంటే ఆ అరుపు నాకు తియ్యగా వినబడింది.

వెంగమ్మ కర్ర పట్టుకుని ముందు నడుస్తూ, బా... బా... అని పిలిచింది. కొత్త మంద ఆమె వెనకే కదిలింది. ముందు నాంచారమ్మ అరెకరంలో దిగాయి, తరవాత పక్క చిన్న రైతుల మళ్ళలో. పున్నారావు పొలం సరిహద్దుకొచ్చేసరికి వెంగమ్మ కర్ర అడ్డంగా పట్టుకుని నిలబడింది. పిలుపు ఆపేసింది. బాతులు కర్ర దగ్గరే ఆగిపోయాయి.

“ఇటు తోలవేం?” అన్నాడు పున్నారావు.

“నేను పిలిస్తే వస్తాయయ్యా. పిలవను.”

“అడిగినవన్నీ ఇచ్చాను కదే!”

“నా బండి నాకిచ్చావు. అందరి గట్టు అందరికిచ్చావు. నీదేమిచ్చావయ్యా? ఆ కాలవలో కొట్టుకుపోయినయ్యే, వాటిని పిలువు. అయ్యొస్తే ఇయ్యీ వస్తాయి.”

పున్నారావు కాలవ వైపు చూశాడు. జనంలో కూర తిన్నవాళ్ళు తలలు దించుకున్నారు. ఇది న్యాయమా కాదా అని మీరు తర్కించుకోండి, నాకంత తీరిక లేదు.

నా ఇంజను పూర్తిగా పోయింది. చెంగయ్య నన్ను పాత ఇనుముకి వేయబోతే వెంగమ్మ పడనివ్వలేదు. సీజను అయిపోయి లారీలో వెళ్ళేటప్పుడు నా కప్పుకి తారు పోసి, మూడు పొయ్యిరాళ్ళూ మసి వైపు కిందికి తిప్పి నా నీడలో పెట్టి వెళ్ళింది. వాళ్ళొచ్చేదాకా కాపలా నేనే. ముందు అద్దం పగిలిందిగానీ అందులోంచి పున్నారావు పొలం బాగా కనిపిస్తుంది. ఈసారి కూడా పైరు రెండు ఎత్తుల్లో పెరుగుతోంది.