గార్డు ముందు నడవడు

సుందర్ రాజు గూడ్సు బండి చివరి పెట్టెలో ఉండే గార్డు. పంతొమ్మిది వందల ఎనభై ఏడు శీతాకాలం వచ్చేసరికి ఆయన డ్యూటీ మాని సిక్‌లో పడి నెలలు గడిచాయి. దెబ్బ లేదు, జ్వరం లేదు. ట్రాఫిక్ కాలనీ క్వార్టరులో గోడ వైపు తిరిగి పడుకునేవాడు. దిష్టి తగిలిందని కొందరూ, దేవుడి మీద విశ్వాసం సన్నగిల్లిందని మరికొందరూ తేల్చేశారు. రెండింటికీ ఆధారం లేదు. డాక్టరు మాత్రం అది కుంగుబాటు అనే జబ్బని చెప్పి, మాత్రలు రాసి, నలుగురితో కలిసి నడవమన్నాడు. నడకకు అంత శక్తి ఉంటుందని పక్క క్వార్టరులో ఉండే నేను నమ్మలేదు. హాని లేదు కనుక అడ్డు చెప్పలేదు.

ఆదివారం భోజనాలయ్యాక కాలనీవాళ్ళం కొందరం హిజిలీ స్టేషను దాటి సాల అడవి దాకా నడిచేవాళ్ళం. మాకు నాయకుడు రిటైరైన డ్రైవరు జగ్గారావు. రాజు భార్య ఆలిస్ బతిమాలి భర్తను మాతో పంపింది. ఆయన వెనకబడుతుంటే చిన్నబుచ్చుకుంటాడని జగ్గారావు పట్టుబట్టి ఆయనను అందరికీ ముందు నిలబెట్టాడు. రాజు పది అడుగులకొకసారి ఆగి వెనక్కి చూశాడు. మలంచా రోడ్డు మలుపులో పూర్తిగా నిలిచిపోయాడు. మరుసటి ఆదివారం మంచం దిగలేదు. ఇంట్లోనే ఇలా ఉంటే ఆసుపత్రిలో చేర్చక తప్పదని డాక్టరు అన్నట్టు ఆలిస్ చెప్పింది.

ఆ పై ఆదివారం జగ్గారావు వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాడు. నేను గుమ్మంలో ఉన్నాను. రాజు గోడతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

“ముందు నడవడం నా వల్ల కాదన్నా. ఎనకాల ఎవులున్నారో, ఎవులు పడిపోయినారో కనిపించదు. అడుగు పడదు.”

జగ్గారావు తల పట్టుకున్నాడు. “గార్డుని అట్టుకొచ్చి ఇంజిన్ మీద కూసోబెట్టినాను. బుర్ర తక్కువ పని నాదే. లెగు రాజూ, నీ జాగాలో నువ్వే నడు.”

ఆ రోజు రాజు అందరికంటే వెనక నడిచాడు. ఎంత నెమ్మదిగా నడిచినా అది వెనకబడటం కాదు, గార్డు ఉండవలసిన చోటు. మాట్లాడలేదు, నవ్వలేదు, కాని ఆగలేదు. అడవి అంచున మరమరాలు తిని కాసేపు కూర్చున్నాం. చలికాలపు పొద్దు తొందరగా వాలుతుందని జగ్గారావు లేచి, వెనక్కి చూడకుండా బయలుదేరాడు. మేమూ కదిలాం.

“ఏయ్ జగ్గారావన్నా!”

ఆ గొంతు అంత గట్టిగా విని నెలలైంది. అందరం ఉన్నచోటే నిలిచిపోయాం. సుందర్ రాజు దారి మధ్యలో నిలబడి ఉన్నాడు, ముఖం ఎర్రబడింది.

“గార్డు సెప్పకుండా బండి తీసెస్తావా? అప్పలనర్సమ్మ ఏదీ? ముసల్దాన్ని అడవిలో ఒగ్గేసి పోతావా?”

నిజమే. మోకాళ్ళ నొప్పుల కోసం మాతో నడిచే అప్పలనర్సమ్మ మాలో లేదు. మేమెవరమూ గమనించలేదు. కాసేపటికి ఆమె చెట్ల మధ్య నుంచి, విస్తళ్ళు కుట్టడానికి కోసిన సాలాకుల కట్ట నెత్తిన పెట్టుకుని తీరుబడిగా వచ్చింది.

“ఏటి తమ్ముడూ, నాలుగాకులు కోసుకోనియ్యవా? ఊరంతా ఇనపడేటట్టు అరుస్తన్నావు.”

“నువ్వు ఎక్కకుండా బండి కదల్దు,” అన్నాడు రాజు.

జగ్గారావు చేతులు కట్టుకుని, మందలింపు తింటున్న ఉద్యోగిలా నిలబడ్డాడు. మీసాల కింద నవ్వు మాత్రం దాగలేదు. రాజు మమ్మల్నందరినీ ఒకసారి చూసుకుని, భుజం మీది తువ్వాలు తీసి ఊపాడు. అప్పుడు కదిలాం.

అది మాత్రల గుణమో, నడక గుణమో, ఒంటికి పట్టిన కోపమో నేను చెప్పలేను. ఒక్క ఆదివారంతో జబ్బు తగ్గిందని చెబితే అబద్ధమవుతుంది. మాత్రలు చాలాకాలం వాడాడు. కాని ఆ సాయంత్రం దారి పొడవునా జగ్గారావు స్పీడు మీద ఆయన ఫిర్యాదులు ఆగలేదు. వీధి చివరనుంచే ఆ గొంతు విని ఆలిస్ పొయ్యి వదిలి బయటికి పరుగెత్తింది. చేపల పులుసు అడుగంటింది. రాజు దాని మీదా ఫిర్యాదు చేసి, మళ్ళీ వడ్డించమన్నాడట.