చేతి కింద గురగుర

మా గల్లీలో నా బండిని చూసి నవ్వని మనిషి లేడు. మధురానగర్‌లో రెండు ఆటోలు ఎదురుపడితేనే ఒకటి వెనక్కి పోవాలి. అలాంటి చోట నాలుగు క్వింటాళ్ళకు కాస్త తక్కువ బరువుండే మోటార్ సైకిల్ నాది. దానికి రివర్స్ గేరు కూడా ఉంది. హాస్టల్ పిల్లలు దాని మీద చెయ్యి వేసి ఫోటోలు దిగుతారు. సిగ్నల్ దగ్గర ప్రతివాడూ రెండే అడుగుతాడు, మైలేజ్ ఎంత, చైన్ ఏది అని. చైన్ ఉండదు బాబూ, ఇంజిన్ నుంచి వెనక చక్రం దాకా లోపలే ఒక ఇనుప కడ్డీ తిరుగుతుంది, దాన్ని షాఫ్ట్ అంటారు అని చెప్పేలోపు గ్రీన్ పడుతుంది, వెనకవాడు హారన్ మోగిస్తాడు. ఎండాకాలం పంజాగుట్ట చౌరస్తాలో ఇరుక్కుంటే ఇంజిన్ వేడికి కాళ్ళు ఉడికిపోతాయి. యూసుఫ్‌గూడ మెకానిక్‌లు దాన్ని చూస్తేనే దండం పెడతారు. అమీర్‌పేటలో బట్టలు కుట్టుకుని బతికేవాడికి ఇదెందుకురా అని మా అన్న ఇప్పటికీ తిడుతూనే ఉంటాడు.

ఎందుకేమిటి, పిచ్చి పట్టి కొన్నాను. శ్రీనగర్ కాలనీ రామ్మోహనరావు గారు నా దగ్గర సఫారీ సూట్లు కుట్టించుకునేవారు. నడుం పట్టేసి ఇక నడపలేనని ఆయన అమ్మేస్తుంటే నేను ఎగబడ్డాను. నా భార్య చంద్రావతిని వెనక కూర్చోబెట్టుకుని దేశమంతా తిరుగుతానని ఊరంతా చెప్పుకున్నాను. ఆ ఏడాదే ఆమె కిడ్నీలు పాడయ్యాయి. దేశం లేదు, గీశం లేదు. మంగళ, గురు, శనివారాలు పంజాగుట్ట అవతల డయాలసిస్ సెంటర్‌కి, మిగతా రోజులు అమీర్‌పేటలోని మా కుట్టు దుకాణానికి. అంత పెద్ద బండీ తిరిగింది అంత మేరే.

అయినా ఆ బండి లేకపోతే మా పని అయిపోయేది. డయాలసిస్ అయ్యాక చంద్రావతికి కళ్ళు తిరుగుతాయి. ఒకసారి స్కూటర్ మీద నుంచి జారి రోడ్డు మీద పడింది. ఆటోలో కుదుపులకు వాంతులు. ఈ బండి వెనక సీటు మాత్రం ఇంట్లో సోఫాలా ఉంటుంది. వీపుకు ఆసరా, రెండు పక్కలా చేతులు పెట్టుకోవడానికి కుర్చీకున్నట్టు మెత్తటి పట్టీలు. చైన్ లేదు కాబట్టి గుంజుడూ ఉండదు. ఆ పట్టీల మధ్య ఒక పక్కకు తిరిగి కూర్చోవడం కుదరదు గనుక, యాభై దాటాక ఆమె చీర మాని పంజాబీ డ్రెస్ మొదలుపెట్టింది. అన్నీ నేనే కుట్టాను. మొదటిరోజు గల్లీ చివరిదాకా చున్నీ మొహం మీద నుంచి తీయలేదు.

డయాలసిస్ చేయాలంటే చేతిలో రెండు రక్తనాళాలను కలిపి కుడతారు. ఫిస్టులా అంటారు. నెత్తురు అందులో జోరుగా పారుతుంటే చర్మం మీద చెయ్యి పెట్టినా తెలుస్తుంది, పిల్లి గురగురలాడినట్టు. కుడిచేతిలో చేసింది పోయిన ఏడాదే మూసుకుపోయింది. మిగిలింది ఎడమచెయ్యి. ఇంకెక్కడా పనికొచ్చే నాళం లేదని డాక్టర్ వంశీధర్ ముందే చెప్పేశారు. సెంటర్‌లో సూదులు పెట్టే జీవమణి మా ఇద్దరినీ కూర్చోబెట్టి మరీ చెప్పింది.

"దినాం పొద్దుగాల చెయ్యి పెట్టి చూడు అక్కా. గురగుర అంటుండాలె. అనకపోతే అన్నం సుత తినకు, సీదా ఈడికి రా. గా దినమే వస్తే ఏదన్న చెయ్యొచ్చు. తెల్లారితే మన చేతుల ఉండదు."

నేను చూద్దామంటే నా వేళ్ళకు స్పర్శ లేదు. కత్తెర పట్టుకునీ, సూది గుచ్చుకునీ వేళ్ళ కొసలు కాయలు కాశాయి. బట్ట నాణ్యం కూడా ఇప్పుడు ఆమే పట్టి చూసి చెబుతుంది. కాబట్టి ఆ పని ఆమెదే.

పొద్దున లేస్తే వంట, నీళ్ళు, పూజ, ఆమెకు తీరికెక్కడిది. అందుకని బండి మీద కూర్చున్నాక చూసుకోవడం అలవాటు చేసుకుంది. అంత బరువు బండిని నేను రెండు కాళ్ళ మధ్య నిలబెట్టి, ముందు స్టార్ట్ చేసి, ఇంజిన్ కుదురుకున్నాక ఆమెను ఎక్కమంటాను. ఆమె నా భుజం పట్టుకుని ఎక్కుతుంది. ఎడమచెయ్యి పట్టీ మీద ఆనిస్తుంది, దాని మీద కుడిచెయ్యి పెడుతుంది. "ఉన్నది" అంటుంది. బస్సులో కండక్టర్ రైట్ అన్నట్టే. ఆ మాట వినపడితేనే నేను గేరు వేసేవాణ్ణి. ఆ మాట వింటే నాకు ఆరోజుకు సరిపడా ధైర్యం వచ్చేది. దేవుడి దగ్గర దండం పెట్టుకున్నా అంత నమ్మకం ఉండేది కాదు.

ఆ శనివారం డయాలసిస్ బాగానే జరిగింది. ఆదివారం యూసుఫ్‌గూడలో చుట్టాల ఇంట్లో బారసాలకు పోయాం. ఉన్నది అంది. సోమవారం దుకాణానికి పోయాం. ఉన్నది అంది. మంగళవారం సెంటర్‌కి బయలుదేరేటప్పుడూ ఉన్నది అనే అంది.

జీవమణి ఆమె చెయ్యి పట్టుకుని చూసింది. చెవికి పెట్టుకునే గొట్టం తెచ్చి విన్నది. పోయి డాక్టర్‌ను పిలుచుకొచ్చింది. స్కానింగ్ చేశారు.

"ఏంటి కమలాకర్ గారూ, రోజూ చూసుకోమని చెప్పాం కదా," అన్నారు వంశీధర్. "గడ్డ కట్టి రెండు రోజులైంది. ఆదివారమే వచ్చుంటే తీసేవాళ్ళం. ఇప్పుడు నాళం మొత్తం బిగుసుకుపోయింది."

"నేను చూసుకున్న సార్," అంది చంద్రావతి. "నిన్న చూసిన. ఇయ్యాల సుత చూసిన. ఉండె."

"లేదమ్మా. చూసుకుని ఉంటే తెలిసేది."

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. నేను చెప్పలేదా నీకు?"

చెప్పిందని చెప్పాను. డాక్టర్ ఇద్దరినీ చూశారు, పరీక్షలో కాపీ కొట్టి దొరికిన పిల్లల్ని చూసినట్టు. డయాలసిస్‌కి ఇక మెడ దగ్గర పైపు వేయాలన్నారు. అది ఎన్నాళ్ళు పనిచేస్తుందో చెప్పలేమన్నారు. ఇన్‌ఫెక్షన్ వస్తే నేరుగా నెత్తురులోకే పోతుందన్నారు.

ఆమెను లోపలికి తీసుకుపోయాక బట్టలు తెద్దామని కిందికి వచ్చాను. బండి స్టార్ట్ చేశాను. వెనక సీటులో ఆమె చున్నీ పడి ఉంది. తీద్దామని వెనక్కి తిరిగితే నా ముంజేయి ఆ పట్టీ మీద ఆనింది.

గురగురమంటోంది.

చెయ్యి తీసేశాను. మళ్ళీ పెట్టాను. కాయలు కాయని చోట కాబట్టి బాగా తెలిసింది. సన్నగా, మెత్తగా, ఆగకుండా. బండి ఆపాను, పోయింది. మళ్ళీ స్టార్ట్ చేశాను, వచ్చింది. వాచ్‌మన్ వచ్చి ఏమైందన్నా అని అడిగేదాకా అలాగే చేస్తూ ఉన్నాను. ఆ బండి మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు.

ఇంటికి తెచ్చాక చంద్రావతి పైపు గురించి బాధపడలేదు. చూడడానికి వచ్చిన ప్రతివాళ్ళకూ ఒకటే చెప్పింది, నేను చూసుకున్న, ఉండె అని. వాళ్ళు తల ఊపి, నా వైపు జాలిగా చూసి పోయేవాళ్ళు. మా చెల్లెలు అయితే మొహం మీదే అనేసింది, "పోనీ వదినా, మర్చిపోతరు, ఎవరైనా మర్చిపోతరు" అని. ఆమె అన్నం పళ్ళెం పక్కకు నెట్టేసింది. నిజం తెలిస్తే ఆ మంటన్నా చల్లారుతుందని నాకనిపించింది. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు చెప్పేశాను.

"నువ్వు అబద్ధం చెప్పలే. నీ చేతికి తెలిసింది నిజమే. గాని అది నీ చేతిది కాదు, బండిది."

ఊరట ఏమీ రాలేదు ఆమె మొహంలోకి. అప్పటిదాకా ఆమెకు చూసుకున్నానన్న ధైర్యమైనా ఉండేది. అది కూడా నేనే గుంజుకున్నానని అప్పుడు అర్థమైంది.

"కిందికి పోదాం పా," అంది.

"ఇప్పుడెందుకే? మెడ కదలొద్దన్నరు గదా."

"ఎక్కడికి పోను. కూసుంట, గంతే."

మెట్లు ఒక్కొక్కటే దిగింది. నేను బండి నిలబెట్టి స్టార్ట్ చేశాను. నా భుజం పట్టుకుని, మెడ కదలకుండా, మెల్లగా ఎక్కింది. ఎడమచెయ్యి పట్టీ మీద ఆనించి దాని మీద కుడిచెయ్యి పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. నేను అద్దంలో చూస్తున్నాను.

"అచ్చం గిదే," అంది.

హాస్టల్ పిల్లలు ఇద్దరు ఆగి చూసి, ఫోన్ తీయబోయి, ఆమె మెడ కట్టు చూసి పోయారు.

"బంద్ చెయ్యి," అంది.

నేను చెయ్యలేదు.

"చెయ్యి. ఎట్ల ఆగిందో నాకు తెల్వాలె. గా దినం తెల్వనే లేదు."

తాళం తిప్పాను. ఆమె వేళ్ళు చేతి మీద జరిగాయి. మణికట్టు దగ్గర నుంచి మోచేతి దాకా మెల్లగా వెతుక్కుంటూ పోయి, మళ్ళీ కిందికి వచ్చాయి. ఇంకోసారి వెతికాయి. నాకు ఏడుపు ఆగలేదు. గల్లీలో అందరూ చూస్తుండగానే ఏడ్చాను.

ఆమె ఏడవలేదు. దిగడానికి నా భుజం పట్టుకుని, "రేపటికి ఆటో మాట్లాడు" అంది.