తెల్ల చొక్కా మీద చుక్క

కుట్టడం అయ్యాక దారాన్ని పంటితో పుటుక్కున తెంపడం అక్కకు వాళ్లమ్మ దగ్గర అబ్బిన అలవాటు. కత్తెర చేతికందేంత దూరంలో ఉన్నా సరే, నోరే ముందుకెళుతుంది. చెల్లెలు మాత్రం కత్తెర వదలదు. ఇద్దరిదీ ఒకటే టైలరింగ్ దుకాణం. రెండు మిషన్లు, రోజంతా దెప్పుళ్లు.

ఆ రోజు తెల్ల చొక్కా కాలరు మీద ఎర్రటి చుక్క కనబడింది.

"సూది గుచ్చుకుందిలే," అంది అక్క.

"వేలికి గుచ్చుకుంటే పెదవి ఎర్రబడిందేం?" అంది చెల్లెలు.

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. ఎన్ని బట్టలు కుట్టినా అక్కకు ఆ విద్య మాత్రం పట్టుబడలేదు. చెల్లెలు షట్టరు దించి, ఆమెను పళ్ల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

చిగుళ్లు వాచి చీము పట్టాయంది డాక్టరమ్మ. ఇంట్లో ఎవరికైనా జబ్బులున్నాయా అని అడిగితే, అమ్మ మతిమరుపు జబ్బు సంగతి చెల్లెలే చెప్పింది. కడుపున పుట్టిన ఇద్దరినీ "మీరెవరమ్మా?" అని అడిగీ అడిగీ కన్నుమూసింది ఆ తల్లి.

డాక్టరమ్మ ఏమీ దాచలేదు. "చిగుళ్ల జబ్బున్న కొందరి రక్తంలో, ఆ మతిమరుపుకు సంబంధించిన ప్రోటీన్లు ఎక్కువగా ఉంటున్నాయని పరిశోధకులు అంటున్నారమ్మా. దీనివల్లే అది వస్తుందని ఇంకా ఎవరూ తేల్చలేదు."

అక్కకు అమ్మ గుర్తొచ్చింది. అమ్మ కొరికిన దారాల కొసలు కూడా ఎర్రగానే ఉండేవి.

"నేనూ అమ్మలాగే అయిపోతానా?"

"అది నేను చెప్పలేను. చిగుళ్లు మాత్రం బాగుచేయగలను. ముందు మన చేతిలో ఉన్న పని చేద్దాం."

చేతిలో పని అంటే అక్కకు అర్థమవుతుంది. కుర్చీ పిడి బిగబట్టుకుని శుభ్రం చేయించుకుంది, రెండు పూటలా శ్రద్ధగా తోముకుంది. కొన్ని వారాలకు వాపు తీసింది. మళ్లీ ఒక తెల్ల చొక్కా వచ్చినప్పుడు అలవాటు కొద్దీ దారం కొరికేసి, హడలిపోయి చూసుకుంది. మచ్చ లేదు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"ఏదీ, నువ్వూ ఒకటి కొరుకు చూద్దాం," అని చెల్లెలికి దారం అందించింది.

చెల్లెలు కత్తెర తీసుకుంది.

"చిన్నప్పుడు నాకంటే ముందు నువ్వే కొరికేదానివి కదే?"

చెల్లెలు తల దించుకుంది. "ఇప్పుడు కొరికితే నొప్పక్కా. చాన్నాళ్లుగా రక్తం వస్తోంది. డాక్టరమ్మ మాట విన్నాక నోరు తెరవాలంటేనే భయమేసింది. నేనూ ఆ అమ్మ కూతుర్నే కదా."

అక్కకు కోపం, జాలి కలిసే వచ్చాయి. ఏడుపు వాటికంటే ముందొచ్చింది. కళ్లు తుడుచుకుని షట్టరు దించడానికి లేచింది.

"పదవే. అమ్మ నోరు మనమెవరమూ చూడలేదు. ఇకనుంచి నీది నేను చూస్తా, నాది నువ్వు చూడు."

చెల్లెలు కత్తెర బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుంది.